చెంబు అడుగున రెండక్షరాలు

నేను ఒక ఉక్కు ముద్రను. బొటనవేలంత ఉంటాను. నాకు ఒక కొస సుత్తి దెబ్బలు తినడానికి, రెండో కొస ఆ దెబ్బల్ని అక్షరాలుగా మార్చడానికి. ఆ రెండో కొస మీద ఇంగ్లీషులో ఆర్, డి అనే రెండక్షరాలూ, వాటి పక్కన ఒక నెంబరూ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కి ఉండేవి. రిజిస్టరు చేసిన డిజైను అని వాటి అర్థం. ఈ వస్తువు రూపం ఫలానా వారిది, అడక్కుండా ఎవరూ ఇలాంటిది చెయ్యకూడదు అని లోకానికి ముందుగా చెప్పి ఉంచడమే నా ఉద్యోగం. కుక్క ఉన్నది జాగ్రత్త అని గేటుకు బోర్డు కడతారు చూడండి, నేనూ అలాంటిదాన్నే. తేడా ఏమిటంటే, అలాంటి బోర్డులున్న ఇళ్ళలో చాలావాటికి నిజంగానే కుక్క ఉంటుంది.

నేను పుట్టింది విజయవాడలో ఒక ఇరుకు సందులో, అచ్చులు చెక్కే ముసలాయన చేతుల్లో. నన్ను చెక్కి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, చివరకు ఒక సీసపు ముక్క మీద పెట్టి కొట్టి చూశాడు.

"పేరూ కాదు, ఊరూ కాదు. ఇదెవరి ముద్రయ్యా?" అన్నాడు.

"మా ఆవిడ చెంబుదండి," అన్నాడు ఎదురుగా నిలబడ్డ మనిషి.

ముసలాయనకు అర్థం కాలేదు. అప్పటికి నాకూ అర్థం కాలేదు. ఆ తరవాత ఆయన కొలిమిలో దాగలి దిమ్మ పక్కన పడి ఉండి, వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటూ నేను పుట్టక ముందు జరిగిందంతా తెలుసుకున్నాను.

ఆ మనిషి పేరు లక్కోజు భూషణాచారి. రాజమండ్రికి అవతల కొండేపూడిలో ఇత్తడి సామాను చేసే పని. బక్కపలచటి మనిషి. మాట తక్కువ. భార్య కనకరత్నానికి మాటలు ఎక్కువ. కొలిమి దగ్గర ఆయన సుత్తి మోగుతుంటే గడపలో కూర్చుని ఆవిడ లోకంలో సంగతులన్నీ చెప్పేదట. ఒక ఎండాకాలం ఉదయం ఆవిడ అలా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మూతి వంకర పోయింది.

ధర్మాసుపత్రి వార్డులో మంచం దొరికింది. ఆవిడ తల ఎత్తకూడదన్నారు. కూతురు హైమ చెంచాతో నీళ్ళు పడుతుంటే, సగం గొంతులోకీ సగం మెడ మీదికీ పోయేవి. హైమ తుడిచేది. తుడిచిన ప్రతిసారీ రత్నం ముఖం గోడవైపు తిప్పుకునేది. పడుచు పిల్ల చేత మూతి తుడిపించుకోవలసి వచ్చిందని ఆవిడకు సిగ్గు. క్రమంగా దాహం వేసినా అడగడం మానేసింది. పెదవులు పగిలాయి.

భూషణాచారి అది చూసి ఇంటికి వచ్చి కొలిమి వెలిగించాడు. ఒక చెంబు కొట్టాడు. అది కుదరలేదు. కరిగించి మళ్ళీ కొట్టాడు. చివరకు పొట్ట ఒక పక్కకు వాలి, మెడ సాగి, పిట్ట ముక్కులాంటి మూతి ఉన్న చెంబు ఒకటి తయారైంది. దాన్ని ఛాతీ మీద పెట్టుకుని ఎడం చేత్తో కాస్త వంచితే చాలు, తల ఎత్తనక్కర్లేదు. మూతి లోపల, పైకి కనపడకుండా, చిన్న నాలుకలాంటి మడత పెట్టాడు. నీళ్ళు ఒక్కసారిగా ఉరకకుండా ఆ మడత ఆపుతుంది. గుక్కెడు తరవాతే ఇంకో గుక్కెడు వస్తుంది. లోపల కళాయి పూసి, ఆసుపత్రికి తెచ్చి, రత్నం చేతికిచ్చాడు.

ఆవిడ తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు. వంకర పోయిన నోటితో కూడబలుక్కుని, "నేనే తాగేనండీ," అంది. భూషణాచారి వార్డు బయటికి వెళ్ళి, గోడకు ఆనుకుని, చాలాసేపటి దాకా లోపలికి రాలేదట.

పక్క మంచం మీద పోలయ్య ఉండేవాడు. గోదాట్లో ఇసక పడవల మీద పనిచేసేవాడు. జారిపడి నడుము విరిగింది. అతని భార్య సోమాలమ్మ ఈ చెంబు చూసింది. నోరు తెరిచి అడగలేదు గానీ, రత్నం తాగుతున్నప్పుడల్లా కళ్ళప్పగించి చూసేది. మర్నాడు భూషణాచారి ఆమెకొక చెంబు చేసి తెచ్చాడు. ఆ పక్క మంచంవాళ్ళు చూశారు. వాళ్ళకూ తెచ్చాడు. రత్నాన్ని ఇంటికి పంపించే నాటికి ఆ వరసలో చాలా మంచాల మీద వాలుచెంబులు కనిపించాయి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. దాహానికి ధర కట్టడం ఆయనకు చేతకాలేదు.

మనుషుల్లో నాకు ఇప్పటికీ అర్థం కానిది ఇదే. మంచి పని చేసేటప్పుడు వాళ్ళు ఎవరినీ సలహా అడగరు. ఆ మంచి పనే తరవాత ఎదురొచ్చి నిలబడితే ఆశ్చర్యపోతారు.

ఏడాది గడిచింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చి వాలుచెంబు కావాలని అడగసాగారు. హైమ రాజమండ్రిలో ఒక ఆడిటరు దగ్గర పనిచేసేది. వస్తువు రూపాన్ని కూడా రిజిస్టరు చేయించుకోవచ్చని ఆమె అక్కడే వింది. విశాఖపట్నంలో ఒక ఏజెంటును పట్టుకుంది. ఆయన ఫోనులోనే అడిగాడు. "ఇంతకు ముందు దీన్ని ఎక్కడైనా అమ్మారా?"

"ఒక్కటి కూడా అమ్మలేదండి," అన్నాడు భూషణాచారి. అది నిజం.

ఎవరికైనా ఇచ్చారా, నలుగురూ చూశారా అని ఆ ఏజెంటు అడగలేదు. చెప్పాలని భూషణాచారికి తెలియదు. కొంతకాలానికి కాగితం వచ్చింది, నెంబరు వచ్చింది. ఆ నెంబరు ప్రతి చెంబు మీదా కొట్టాలన్నారు. కొట్టకపోతే రేపు దొంగ దొరికినా, 'రిజిస్టరైందని నాకు తెలియదు' అని తప్పించుకుంటాడన్నారు. అలా నేను పుట్టాను.

నన్ను కొండేపూడికి తెచ్చిన రోజు భూషణాచారి ముందుగా నన్ను భార్య దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆవిడ మాట కొంత తేరుకుంది. మంచం మీదే ఉండేది. ఎడంచేతి వేలితో నా ముఖం తడిమి చూసింది.

"ఏం రాసిందండీ ఇందులో?"

"ఇది మనదని రాసింది."

"మనదని మనకు తెలీదేంటి?" అని నవ్వింది.

నా మొదటి దెబ్బ బాగా గుర్తుంది. బోర్లించిన చెంబు అడుగున నన్ను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కటే కొట్టాడు. తొలగించి చూశాడు. ఇత్తడి మీద నా ముఖం సరిగ్గా, సూటిగా, చదవడానికి వీలుగా కనిపించింది. నాలో తలకిందులుగా ఉన్నది అవతల తిన్నగా పడింది. నాకు గర్వం వేసింది. ఇంక ఈ చెంబు జోలికి ఎవరొస్తారో చూద్దామనుకున్నాను.

చూసేవాళ్ళే కరువయ్యారు. చెంబు కొనడానికి వచ్చినవాళ్ళు మూతి చూసేవారు, పొట్ట నిమిరేవారు. అడుగు తిప్పి చూసిన ఒకరిద్దరు కూడా నన్ను చదివింది లేదు. "ఆర్డీ అంటే బ్యాంకులో నెలనెలా కడతామే, అదేనా ఆచారి గారూ?" అని ఒకావిడ అడిగింది. ఇంకొకాయన అది తయారుచేసినవారి ఇంటిపేరనుకున్నాడు. అలా అలా ఆ వాలుచెంబు పేరే ఆర్డీ చెంబు అయిపోయింది. హెచ్చరికగా పుట్టిన నేను పేరుగా మారాను. అది కూడా ఒక పెరుగుదలే అనుకుని సరిపెట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో గంధం ప్రకాశరావు వచ్చాడు. పట్నంలో స్టీలు సామాను ఫ్యాక్టరీ ఉన్న మనిషి. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. అనాథాశ్రమానికి ఇస్తానని కొన్ని చెంబులు కొన్నాడు. రత్నం మంచం దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి, "ఈ చెంబు మీకోసం పుట్టిందటగా అమ్మా, మీరు అదృష్టవంతులు," అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

కొద్ది నెలలకే మందుల షాపుల్లో స్టీలు వాలుచెంబులు వేలాడాయి. హైమ ఒకటి కొనుక్కొచ్చి తండ్రి ముందు పెట్టింది. అదే పొట్ట, అదే మూతి. తిప్పి చూస్తే అడుగున నేనే. అవే రెండక్షరాలు, అదే నెంబరు. కొంచెం అలుక్కుపోయి, అయినా నేనే. నమూనా చూసి అచ్చు తయారుచేసినవాళ్ళకు అదేమిటో తెలియదు. చెంబుతో పాటు ఉండవలసిన ముగ్గు అనుకున్నారో ఏమో, అది కూడా దింపేశారు. ఇది దొంగిలించవద్దు అన్న మాటను కూడా దొంగిలించుకుపోయారు.

భూషణాచారి మాత్రం అడుగు చూడలేదు. మూతిలోకి వేలు పెట్టి చూశాడు. ముఖం మారిపోయింది.

"ఇందులో నాలుక లేదే, అమ్మడూ."

"అదా నాన్నా నీ బాధ? మన నెంబరు వేసుకున్నాడు చూడు!"

"నాలుక లేకపోతే నీళ్ళు ఒక్కసారే వచ్చేత్తాయే. పడుకున్నవాడికి గొంతుకడ్డం పడి కొరబోద్ది."

రేకును మరమీద ఒక్క నొక్కు నొక్కి తీసేవాళ్ళకు ఆ లోపలి మడత పడదు. అందుకని వదిలేశారు. బయటికి ఏ తేడా తెలియదు. చట్టం కూడా కంటికి కనపడే రూపాన్నే కాపాడుతుందట. లోపలున్నదాని సంగతి దానికి అక్కర్లేదు.

హైమ కేసు వేయించింది. ప్రకాశరావు తరఫు వకీలు తిరిగి ఒకే ఒక మాట అన్నాడు. ఈ రూపం రిజిస్టరు కాకముందే లోకానికి తెలుసు, కాబట్టి ఆ రిజిస్ట్రేషనే చెల్లదు, కొట్టెయ్యండి అన్నాడు. సాక్ష్యాలు తీసుకోవడానికి కోర్టు ఒక కమిషనరును నియమించింది. రాజమండ్రిలో ఒక గదిలో విచారణ. చూపించవలసి వస్తుందేమోనని భూషణాచారి నన్ను జేబులో వేసుకుని వెళ్ళాడు.

అవతలివాళ్ళ సాక్షిగా లోపలికి వచ్చింది సోమాలమ్మ.

చంకలో పాత చీర గుడ్డలో చుట్టిన వాలుచెంబు. గుడ్డ చాటునుంచి కనిపించిన మూతి, చింతపండు పెట్టి తోమినట్టు బంగారంలా మెరుస్తోంది. భూషణాచారిని చూడగానే ముఖం విప్పారింది. "బాగున్నారా బాబూ? అమ్మగారు లేచి తిరుగుతున్నారా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమెకు విషయం ఏమీ తెలియదు. ఆచారి గారి మంచితనం గురించి పెద్దవాళ్ళ ముందు చెప్పాలంటే సంతోషంగా వచ్చింది.

ప్రకాశరావు వకీలు చాలా మర్యాదగా అడిగాడు. "ఈ చెంబు నీకెవరిచ్చారమ్మా?"

"ఇదిగో, ఈ బాబే."

"ఎంతకు కొన్నావు?"

"కొనడమేంటండీ! ఊరికినే ఇచ్చేరు. మా ఒక్కళ్ళకే కాదు, ఆ వరసలో అందరికీ ఇచ్చేరు. ఎవరిస్తారండీ ఈ రోజుల్లో? దేముడి లాంటోరు."

"ఎప్పుడిచ్చారు?"

"మా ఆయన పడవ మీంచి పడ్డ ఏడేనండి. ఎండాకాలం. ఈ బాబు గారి ఆవిడ కూడా పక్క మంచమ్మీదే ఉన్నారు."

వకీలు ఆ చెంబు పుచ్చుకుని, నెమ్మదిగా తిరగేసి కమిషనరుకు చూపించాడు. అడుగు నున్నగా ఉంది. అక్షరాలు లేవు, నెంబరు లేదు. అది కొట్టేనాటికి నేను ఇంకా పుట్టనేలేదు. ఆ నున్నటి అడుగును మించిన సాక్ష్యం ఎవరు చెప్పగలరు?

హైమ తండ్రి చెవి దగ్గరికి వంగింది. "నాన్నా, నిన్ను అడుగుతారు. గుర్తులేదని చెప్పు. ఒక్క మాట. గుర్తులేదు."

అడిగారు. భూషణాచారి లేచి నిలబడ్డాడు. జేబులో ఆయన వేళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. ఎదురుగా సోమాలమ్మ, తను ఏదో మేలు చేశానన్న నమ్మకంతో, ఆయన్నే చూస్తోంది.

"ఈమె చెప్పింది నిజమేనా?"

"ఆయ్. ఇచ్చానండి."

హైమ కళ్ళు మూసుకుంది.

అంతటితో అయిపోయినా బాగుండేది. సంతకాలయ్యాక సోమాలమ్మ తన చెంబు కోసం చెయ్యి చాచింది. అది సాక్ష్యం కింద ఉంటుంది, కేసు తేలాక ఇస్తామన్నారు.

"అందాకా ఆయన నీళ్ళెలా తాగుతాడండీ?" అంది, అదే మొదటిసారి కంగారుగా.

"బజార్లో స్టీలువి దొరుకుతున్నాయిగా తల్లీ," అన్నాడు ప్రకాశరావు వకీలు. వెటకారంగా ఏమీ కాదు, మామూలుగానే అన్నాడు.

"వద్దమ్మా, నేను చేసి పంపిత్తాను," అన్నాడు భూషణాచారి.

బయటికి రాగానే ఆయన సొంత వకీలే ఆయన్ని పక్కకు లాగి కోప్పడ్డాడు. "సాక్షికి వస్తువు ఇస్తారా? రేపు దాన్ని లంచం అంటారు. కేసు తేలేదాకా ఆ మనిషి ఇంటివైపు వెళ్ళకండి."

భూషణాచారి ఆ మాట విన్నాడు. అప్పటికే ఒక చెంబు చేసి, కళాయి పెట్టి, నా ముద్ర కూడా కొట్టి అలమర్లో పెట్టాడు. దాన్ని రోజూ తీసి చూసేవాడు, మళ్ళీ పెట్టేసేవాడు. అడక్కుండా ఇచ్చినప్పుడు తప్పయింది కదా, ఈసారి పెద్దవాళ్ళు చెప్పినట్టు నడుచుకుందామనుకున్నాడు. ఆయన జీవితంలో దాహానికి అడ్డం చెప్పింది ఆ ఒక్కసారే.

తీర్పు వచ్చింది. రిజిస్ట్రేషను రద్దు. రిజిస్టరు కాకముందే నలుగురి చేతుల్లోకీ వెళ్ళిన రూపం ఇంక ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీనట. ఇకమీద ఆ నెంబరు కొట్టకూడదు, కొడితే అబద్ధపు ముద్ర వేసిన నేరమని వకీలు చెప్పాడు. భూషణాచారి నన్ను గూట్లో పెట్టేశాడు.

"నేను ఆ పూట తాగకపోయినా బాగుండేదండీ," అంది రత్నం మంచం మీంచి. ఆయన ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టాడు.

ప్రకాశరావు ఫ్యాక్టరీ మాత్రం ఆ నెంబరు కొట్టడం ఆపలేదు. హైమ ఒక ఆఫీసుకు వెళ్ళి అడిగింది. రద్దయిన నెంబరు గురించి అడగడానికి నువ్వెవరమ్మా అన్నారు. ఇంకో ఆఫీసుకు వెళ్ళింది. మొదటి ఆఫీసుకే వెళ్ళమన్నారు. ఆర్డీ లేకపోతే జనం చెంబు కొనడం లేదని షాపులవాళ్ళు చెప్పారు.

తీర్పు తెలిసిన పూటే భూషణాచారి అలమర్లో చెంబు తీసి సోమాలమ్మ ఇంటికి బయలుదేరబోయాడు. రత్నానికి ఒళ్ళు కాలిపోతుండటంతో ఆగిపోయాడు. జ్వరం తగ్గుతూ తిరగబెడుతూ ఆయన్ని గడప దాటనివ్వలేదు. ఆ లోపు సోమాలమ్మే వచ్చింది.

మెడలో పసుపుతాడు లేదు. గడప బయటే చతికిలబడింది. చేతిలో స్టీలు చెంబు. హైమ మంచినీళ్ళు తెస్తానంటే వద్దంది.

"నీళ్ళు తాగతా తాగతా కొరబోయిందమ్మా మా ఆయనకి. ఊపిరాడక గిలగిల్లాడిపోయేడు. మర్నాడు జొరం. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళెళ్ళి చీము పట్టిందన్నారు. పోయేడు."

భూషణాచారి ఆమె చేతిలోని చెంబు వైపు చూశాడు.

సోమాలమ్మ చెంబు తిప్పి అడుగు చూపించింది. అక్షరం ముక్క రాని మనిషి. అయినా మందుల షాపులో చెంబు బోర్లించి, అడుగునున్న గుర్తును వేలితో చూపించి, ఇదే ఇమ్మని అడిగి మరీ కొందట. ఆచారి గారి చెంబులకు ఇలాంటి గుర్తు ఉంటుందని ఎవరో చెప్పారట. ఇన్నేళ్ళలో నన్ను చూసి, ఇది ఆచారి చేతి పనేనని నమ్మి, నా మాట మీద ఒక పని చేసిన మనిషి ఆమె ఒక్కతే.

"నీ గురుతు చూసే కొన్నాను బాబూ. ఎందుకిలా చేసేవు?"

"అది నాన్న చేసింది కాదమ్మా, వాళ్ళు మా ముద్ర..." అంటూ హైమ గబగబా చెప్పబోయింది.

భూషణాచారి చెయ్యెత్తి ఆపాడు. అలమర్లోంచి తను చేసి దాచిన చెంబు తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇప్పుడు దానివల్ల ఏ ఉపయోగమూ లేదని ఆయనకు తెలుసు. అయినా పెట్టాడు. సోమాలమ్మ దాన్ని కాసేపు చూసింది. ముట్టుకోలేదు. లేచి, స్టీలు చెంబు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆయన ఆ స్టీలు చెంబు పట్టుకుని ప్రకాశరావు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నన్ను కూడా జేబులో వేసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదనుకుంటాను. ప్రకాశరావు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు.

"నాకేం వద్దు బాబూ," అన్నాడు భూషణాచారి. "హక్కు అక్కర్లేదు. ఈ మూతిలో నాలుక పెట్టించండి. ఎలా పెట్టాలో నేనొచ్చి చూపిత్తాను. లేదా ఆ నెంబరైనా తీసెయ్యండి."

"ఆచారి గారూ, మూతి మార్చాలంటే అచ్చులన్నీ మార్చాలి. నెంబరు తీసేస్తే కొనేవాడు నకిలీ అనుకుంటాడు. మీరే చెప్పండి, నేనేం చెయ్యను?"

"మనిషి పోయాడు బాబూ."

"మంచం పట్టినవాళ్ళు పోతూనే ఉంటారండీ. చెంబు వల్లే పోయాడని ఎవరన్నారు?" ప్రకాశరావు గొంతు అప్పటికీ మెత్తగానే ఉంది. సాగనంపుతూ భుజం తట్టి, ఫ్యాక్టరీలో పని కావాలంటే ఎప్పుడైనా రమ్మన్నాడు.

ఆ సాయంత్రం భూషణాచారి నన్ను పట్టకారులో బిగించి ఆకురాయి అందుకున్నాడు. నాకు నొప్పి ఉండదు. అయినా నెంబరులో చివరి అంకె పోయినప్పుడు ఏదో చలివేసినట్టయింది. ఒక్కొక్క అంకే పొడిగా రాలింది. తరవాత డి పోయింది, ఆర్ పోయింది. ఆయన ఏడవలేదు. ముఖం నున్నబడేదాకా రాస్తూనే ఉన్నాడు. నేను ఇంక ఎవరికీ ఏమీ చెప్పలేను. అప్పుడు మాత్రం చెప్పి ఏం సాధించాను గనక?

చలికాలం రాగానే రత్నం పోయింది. నిద్రలోనే. కొలిమి చల్లారింది. ఇత్తడి సామాను చెయ్యమని ఎవరైనా వస్తే హైమ గడపలోనే సర్దిచెప్పి పంపేసేది.

ఆయన నన్ను పారెయ్యలేదు. ముఖం పోయిన నేను సరిగ్గా ఆ చెంబు మూతిలో పట్టేంత లావు ఉన్నానని ఒక రోజు గమనించాడు. సోమాలమ్మ వదిలేసిన స్టీలు చెంబు తీసి, నన్ను మూతిలోకి దూర్చి, పైనుంచి చిన్న సుత్తితో తడుతూ రేకును లోపలికి మడిచాడు. నాలుక వచ్చింది. నీళ్ళు పోసి వంచి చూశాడు. గుక్కెడు వచ్చి ఆగింది. మళ్ళీ వంచితే మళ్ళీ గుక్కెడు.

ఆ మర్నాటి నుంచి నన్నూ, సుత్తినీ గుడ్డ సంచీలో వేసుకుని ధర్మాసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మంచం మంచం దగ్గరా ఆగి, "ఆ చెంబు ఒక్కసారి ఇత్తారా అమ్మా, మూతి బాగుచేసిత్తాను," అని అడిగేవాడు. కొందరు ఇచ్చేవారు. కొందరు దొంగను చూసినట్టు చూసి చెంబు దిండు కింద దాచుకునేవారు. "మీకెందుకండీ?" అని నిలదీసేవారు. ఆయనకు నాదని చెప్పడానికి వీల్లేదు. నాది కాదని చెప్పడానికి మనసొప్పదు. ఒకాయనైతే, "బాగున్న కొత్త చెంబుకు సొట్ట పెట్టాడు!" అని గొడవ చేశాడు. బాగుచేసినవి ఇంటికి వెళ్ళిపోయేవి. వాటి చోట కొత్తవి వచ్చేవి. ఫ్యాక్టరీలో మర ఒక్క నొక్కుతో తీసేదాన్ని సరిచెయ్యడానికి ఈయనకు చాలాసేపు పట్టేది. ఎన్నటికీ తెమిలే పని కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసుననే అనుకుంటాను.

చివరకు ఫిర్యాదు వెళ్ళింది. ఎవరో పిచ్చివాడు వార్డుల్లో తిరుగుతూ రోగుల సామాను పాడుచేస్తున్నాడని. గేటు దగ్గర కాపలా మనిషి ఆయన సంచీ లాక్కున్నాడు.

"సుత్తితో వార్డులోకెళ్తావా? ఏం చేద్దామని?"

"మూతులు సరిచెయ్యాలి బాబూ."

"మూతులా!" అని కాపలా మనిషి పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "ఎవరి మూతులు?"

భూషణాచారి చెప్పడం మొదలుపెట్టాడు. చెంబు సంగతి, నాలుక సంగతి, పోలయ్య సంగతి. మొదట్లో కొంత విన్నారు. మధ్యలో అంబులెన్సు వచ్చింది. వాళ్ళు గేటు తియ్యడానికి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం ఆగకుండా ఖాళీ కుర్చీకి చెబుతూనే ఉన్నాడు. హైమ ఎవరో ఫోను చేస్తే పరుగెత్తుకొచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పద నాన్నా. ఎందరికని చేస్తావు?"

"సంచీ ఇమ్మను అమ్మడూ."

"ఇవ్వరు. పద."

ఆయన గేటు బయట కాసేపు నిలబడ్డాడు. చిన్నపిల్లవాడిలా కూతురి వెనక నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తరవాత రెండు మూడుసార్లు వచ్చాడు, నాకు గొంతు వినపడింది. గేటు దాటనివ్వలేదు. ఆ పైన గొంతు కూడా వినపడలేదు.

సుత్తిని ఎవరో ఇంటికి పట్టుకుపోయారు. నేను దేనికి పనికొస్తానో ఎవరికీ తెలియక, కాపలా గది సొరుగులో తుప్పు పట్టిన తాళాల మధ్య ఉండిపోయాను. పగలంతా ఇక్కడి నుంచి వార్డు చప్పుళ్ళు వినిపిస్తుంటాయి. స్టీలు సామాను మోగుతుంది. ఎవరో ఎవరికో నీళ్ళు పడుతుంటారు. ఉన్నట్టుండి ఎవరో దగ్గుతారు. ఆ దగ్గు జబ్బుదో, నీళ్ళదో ఇక్కడి నుంచి నాకు తెలియదు. మూతిలో వేలు పెట్టి చూసే మనిషిని మాత్రం లోపలికి రానివ్వరు.